లాన్ ట్రాక్టర్ ఇంజిన్‌లో వాల్వుల లోపం: ఒకే లక్షణం వెనుక దాగిన కారణాలను విడదీయడం ఎలా?

అమెరికాలో ఏప్రిల్ వచ్చి గడ్డి పెరగడం మొదలవగానే, చలికాలమంతా గ్యారేజీలో కదలకుండా ఉన్న లాన్ ట్రాక్టర్లు బయటికి వస్తాయి. వాటితోపాటు ఏటా ఒకే ఫిర్యాదు కూడా వస్తుంది. తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను కొంత తిప్పి, ఒక చోట మొరాయించి ఆగిపోతుంది. యజమాని ముందు బ్యాటరీ మారుస్తాడు, తర్వాత సెల్ఫ్ మోటారుకు కరెంటు అందించే సోలెనాయిడ్ స్విచ్, ఆ తర్వాత సెల్ఫ్ మోటారే కొత్తది వేస్తాడు. అయినా ఇంజిన్ అక్కడే ఆగుతుంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో పెద్ద పెరడు ఉన్న ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకూ ఇది కొత్త సమస్య కాదు. కారణం చాలాసార్లు కరెంటు వైపు కాకుండా, ఇంజిన్ తలపై నాలుగు బోల్టులు బిగించిన టాపెట్ కవర్ కింద ఉంటుంది. అయితే అక్కడ కూడా ఒకే లోపం ఉండదు. కనీసం అరడజను లోపాలు బయటికి దాదాపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, వాటిని వేరు చేయాలంటే ముందు ఆ భాగాలు ఎలా పనిచేస్తాయో తెలియాలి.

క్యామ్ నుంచి వాల్వు దాకా కదలిక సాగే దారి

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ నాలుగు దశల్లో పనిచేస్తుంది. గాలి, పెట్రోలు మిశ్రమాన్ని లోపలికి పీల్చడం, దాన్ని నొక్కడం, మండిన వాయువు తోపుకు కిందికి దిగడం, పొగను బయటికి నెట్టడం అనే ఈ నాలుగూ పూర్తయ్యేసరికి, పిస్టన్ కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. మిశ్రమం లోపలికి రావడానికి ఇన్లెట్ వాల్వు, పొగ పోవడానికి ఎగ్జాస్ట్ వాల్వు రెండు చుట్లకు ఒక్కోసారి తెరుచుకుంటే చాలు. అందుకే వాటిని నడిపే క్యామ్ షాఫ్ట్ క్రాంక్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది.

క్యామ్ మీది ఉబ్బు టాపెట్‌ను నెడుతుంది, టాపెట్ పుష్‌రాడ్‌ను నెడుతుంది, పుష్‌రాడ్ రాకర్ ఆర్మ్ ఒక కొనను పైకి లేపుతుంది, రాకర్ రెండో కొన వాల్వు కాడను కిందికి నొక్కుతుంది. నొక్కుడు వదలగానే స్ప్రింగు వాల్వును తిరిగి సీటు మీద కూర్చోబెడుతుంది. వాల్వు కాడ అటూ ఇటూ ఊగకుండా గైడ్ అనే గొట్టం పట్టుకుని ఉంటుంది. ఈ వరుసంతటినీ కలిపి వాల్వ్ ట్రెయిన్ అంటారు. పాత లాన్ ట్రాక్టర్లలో వాల్వులు సిలిండర్ పక్కన ఉండేవి, వాటికి పుష్‌రాడ్, రాకర్ అవసరం లేదు. చిన్న ఇంజిన్ల పొగపై అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నిబంధనలు 1997 మోడల్ సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చి, క్రమంగా కఠినమయ్యాక, వాల్వులు తలపై ఉండే ఓహెచ్‌వీ ఇంజిన్లే సర్వసాధారణమయ్యాయి. ఈ వ్యాసం వాటి గురించే.

ఈ భాగాలు ఎంత శ్రమపడతాయో చిన్న లెక్క చెబుతుంది. గడ్డి కోసేటప్పుడు ఇంజిన్ నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు 1,800 సార్లు తెరుచుకుంటుంది. అంటే గంటకు 1,08,000 సార్లు. సీజనులో 50 గంటలు నడిపితే అది 54 లక్షల సార్లవుతుంది. ఇన్నిసార్లు లోహం మీద లోహం తగులుతుంటే కొలతలు కొంతైనా మారక తప్పదు.

సన్నని ఖాళీ ఎందుకు వదులుతారు

వాల్వు పూర్తిగా మూసుకుని ఉన్నప్పుడు దాని కాడ కొనకూ రాకర్‌కూ మధ్య కాగితం మందమంత ఖాళీ ఉంటుంది. మన మెకానిక్కులు దీన్ని టాపెట్ గ్యాప్ అంటారు. వేడెక్కితే ఇనుము, అల్యూమినియం వేర్వేరు పాళ్లలో సాగుతాయి. ఖాళీ లేకపోతే ఆ సాగుదలతో రాకర్ వాల్వును కొద్దిగా నొక్కి ఉంచి, సీటు మీద పూర్తిగా కూర్చోనివ్వదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో అధిక భాగాన్ని సీటుకు తగిలి ఉన్న క్షణాల్లోనే హెడ్‌కు అందిస్తుంది. ఆ తాకిడి సరిగా లేకపోతే వాల్వు అంచు కాలిపోతుంది. ఖాళీ మరీ ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా, తక్కువ ఎత్తు తెరుచుకుంటుంది, టకటకమని చప్పుడు చేస్తుంది.

బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ 31 శ్రేణి ఇంటెక్ ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఆ కంపెనీ మోడల్ సంఖ్యలో మొదటి అంకెలు ఇంజిన్ పరిమాణాన్ని క్యూబిక్ అంగుళాల్లో చెబుతాయి కాబట్టి, 31 అంటే సుమారు 500 సీసీ ఒంటి సిలిండర్ అని అర్థం. దీనికి చల్లగా ఉన్నప్పుడు ఇన్లెట్ వైపు 0.003 నుంచి 0.005 అంగుళాలు (0.08 నుంచి 0.13 మిల్లీమీటర్లు), ఎగ్జాస్ట్ వైపు 0.005 నుంచి 0.007 అంగుళాలు (0.13 నుంచి 0.18 మిల్లీమీటర్లు) ఖాళీ ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి దానికి ఖాళీ ఎక్కువ. ఇంజిన్ మారితే ఈ అంకెలూ మారతాయి. మన పత్తి, మిర్చి సాళ్ల మధ్య తిరిగే పెట్రోల్ పవర్ వీడర్లలోనూ ఇదే తరహా ఓహెచ్‌వీ ఇంజిన్ ఉంటుంది. ఆ వర్గంలో బాగా తెలిసిన హోండా జీఎక్స్ 160కి ఇన్లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు. ఒక ఇంజిన్ అంకెతో మరో ఇంజిన్‌ను సరిచేయడం కొత్త లోపాన్ని తెచ్చిపెడుతుంది.

సెల్ఫ్ ఆగిపోవడానికీ టాపెట్ గ్యాప్‌కూ ఉన్న సంబంధం

సంబంధం లేనట్లు కనిపించే ఈ రెండింటినీ కలిపేది డీకంప్రెషన్ అనే ఏర్పాటు. 500 సీసీ సిలిండర్‌లో గాలిని పూర్తిగా నొక్కుతూ పిస్టన్‌ను పైకి తీసుకెళ్లడానికి చాలా బలం కావాలి. ట్రాక్టర్‌లోని చిన్న బ్యాటరీ, చిన్న మోటారు ఆ పని తేలిగ్గా చేయలేవు. అందువల్ల ఇంజిన్ స్టార్టయ్యే వేగంలో ఉన్నంతసేపు, కంప్రెషన్ దశలో ఒక వాల్వును రవ్వంత తెరిచి ఉంచి కొంత గాలిని వదిలేస్తారు. కొన్ని ఇంజిన్లలో ఇందుకోసం క్యామ్ మీదే శాశ్వతంగా ఒక చిన్న గడ్డ ఉంటుంది. మరికొన్నింటిలో క్యామ్ గేరు మీద ఒక చిన్న బరువు, దానికి కలిపిన పిన్ను ఉంటాయి. వేగం పెరిగాక ఆ బరువు బయటికి విసిరినట్లు జరిగి పిన్నును లోపలికి లాగేస్తుంది, అప్పుడు పూర్తి కంప్రెషన్ వస్తుంది.

ఆ గడ్డ లేదా పిన్ను వాల్వును లేపే ఎత్తు చాలా తక్కువ. లెక్క సులువుగా ఉండేందుకు అది 0.5 మిల్లీమీటర్లు అనుకుందాం. టాపెట్ గ్యాప్ 0.1 మిల్లీమీటర్లు ఉంటే, లేపిన దానిలో 0.1 ఆ ఖాళీని పూడ్చడానికే పోయి, వాల్వు 0.4 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. రాకర్ నట్టు మీది లాక్ స్క్రూ వదులై గ్యాప్ 0.4కు పెరిగిందనుకుంటే, వాల్వు తెరుచుకునేది 0.1 మాత్రమే. అదీ అంతకన్నా తక్కువ సేపే. మామూలుగా వాల్వు చాలా మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది కాబట్టి ఈ 0.3 మిల్లీమీటర్ల తేడా ఇంజిన్ నడుస్తున్నప్పుడు పెద్దగా తెలియదు. డీకంప్రెషన్‌కు మాత్రం అదే ముప్పాతిక వంతు నష్టం. నడిచినంతసేపు బాగానే నడిచే ట్రాక్టర్, ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతే మొరాయించడం వెనుక ఉన్న లెక్క ఇదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. టాపెట్ గ్యాప్‌ను పిస్టన్ పైకొసకు చేరినప్పుడు కొలవాలని అందరూ చెబుతారు. అయితే రెండు చుట్లలో పిస్టన్ రెండుసార్లు పైకొసకు చేరుతుంది. పొగ నెట్టే దశ చివర చేరినప్పుడు రెండు వాల్వులూ కొద్దిగా తెరిచే ఉంటాయి కాబట్టి, అక్కడ కొలిచిన గ్యాప్‌కు అర్థమే లేదు. కంప్రెషన్ చివర చేరినప్పుడు కూడా టాపెట్ ఇంకా డీకంప్రెషన్ గడ్డ మీదే ఉండే అవకాశం ఉంది. అందుకే పైన చెప్పిన ఇంటెక్ ఇంజిన్‌లో పిస్టన్ పైకొస దాటి పావు అంగుళం కిందికి దిగాక కొలవాలని కంపెనీ నిర్దేశించింది. ఈ పావు అంగుళం సంగతి తెలియకుండా పైకొసలోనే సెట్ చేస్తే, ఖాళీని కొలిచే ఫీలర్ గేజ్ రేకు సరిగ్గా సరిపోయినట్లే ఉంటుంది, అసలు గ్యాప్ మాత్రం గడ్డ ఎత్తంత ఎక్కువై ఉంటుంది. సెట్ చేశాక కూడా బాగుపడలేదని వాపోయే వారిలో కొందరి విషయంలో జరిగింది ఇదే.

అదే లక్షణం చూపే వాల్వేతర కారణాలు

సెల్ఫ్ ఆగినంత మాత్రాన తప్పు వాల్వులదేనని అనలేం. బ్యాటరీ బలహీనమైనా, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు తుప్పు పట్టినా ఇలాగే జరుగుతుంది. ఆగే చోటును గమనిస్తే కొంత తెలుస్తుంది. ప్రతిసారీ కంప్రెషన్ దశలో ఒకే చోట ఆగితే అనుమానం డీకంప్రెషన్ వైపు మొగ్గుతుంది. ఎక్కడ పడితే అక్కడ నీరసంగా ఆగితే కరెంటు వైపు చూడాలి. నిండుగా ఛార్జయిన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజిన్ తిరుగుతుండగా 9.6 కంటే దిగితే బ్యాటరీని అనుమానించడం రివాజు. కానీ పూర్తిగా ఆగిపోయిన మోటారు అత్యధిక కరెంటు లాగుతుంది కాబట్టి, మంచి బ్యాటరీ వోల్టేజి కూడా ఆ క్షణంలో బాగా పడిపోవచ్చు. ఆ ఒక్క కొలతను పట్టుకుని బ్యాటరీని దోషిగా నిలబెట్టడం తొందరపాటు. స్పార్క్ ప్లగ్ తీసి తిప్పితే మోటారు గిర్రున తిరగడం కూడా బ్యాటరీ మంచిదని రుజువు చేయదు, ఎందుకంటే అప్పుడు మోటారు మీద భారమే లేదు. మంచిదని తెలిసిన మరో పెద్ద బ్యాటరీతో కూడా అదే చోట ఆగితేనే లోపం యంత్రభాగాల్లో ఉందని గట్టిగా చెప్పగలం.

మరో రెండు కారణాలను చాలామంది మరిచిపోతారు. కార్బొరేటర్‌లో ఫ్లోట్ సూది సరిగా మూసుకోక పెట్రోలు సిలిండర్‌లోకి కారితే, ద్రవం నలగదు కాబట్టి పిస్టన్ ఆగిపోతుంది. అప్పుడు ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వేస్తుంది. ఆ స్థితిలో బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. రెండోది, క్రాంక్ షాఫ్ట్ మీద ఫ్లైవీల్ చక్రాన్ని జరగకుండా పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, అంటే ఫ్లైవీల్ కీ తెగడం. కీ తెగి ఫ్లైవీల్ కాస్త పక్కకు జరిగితే స్పార్క్ సమయం తప్పి, ఇంజిన్ వెనక్కి తన్నవచ్చు.

గ్యాప్ ఏ వైపు మారిందో చూడాలి

గ్యాప్ మారిందని తెలియగానే సరైన అంకెకు తెచ్చి కవర్ మూసేయడం మామూలు పద్ధతి. అలా చేస్తే లోపం చెప్పదలచుకున్న సంగతి చెరిగిపోతుంది. గ్యాప్ పెరిగిందా, తగ్గిందా అన్నదే రోగ నిర్ధారణలో విలువైన సమాచారం.

వాల్వు అంచు, సీటు అరిగితే వాల్వు హెడ్‌లోకి మరింత లోతుగా కూర్చుంటుంది, దాని కాడ రాకర్ వైపు పైకి వస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. అంటే గ్యాప్ నెమ్మదిగా తగ్గుతూ వచ్చిన ఇంజిన్‌లో అరుగుదల సీటు దగ్గర ఉందన్నమాట. దీనికి భిన్నంగా రాకర్ తాకే చోటు, పుష్‌రాడ్ కొనలు, టాపెట్, క్యామ్‌కు ఉబ్బు లేని వైపు, వీటిలో ఏది అరిగినా, నట్టు వదులైనా, పుష్‌రాడ్ వంగినా గ్యాప్ పెరుగుతుంది. నెమ్మదిగా కొంచెం పెరిగితే అరుగుదల అనుకోవచ్చు. ఒక్కరోజులో చాలా పెరిగితే అది వదులైన నట్టు, వంగిన పుష్‌రాడ్, లేదా రాకర్‌ను నిలబెట్టే బోల్టు (రాకర్ స్టడ్) హెడ్‌లోంచి ఊడిరావడం అయి ఉంటుంది. ఈ మూడింటికీ మళ్లీ సెట్ చేయడం ఒక్కటే మందు కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎగ్జాస్ట్ గ్యాప్ 0.006 అంగుళాలు ఉండాల్సిన చోట 0.020 ఉంది. లాక్ స్క్రూ గట్టిగానే బిగిసి ఉంది. పుష్‌రాడ్ తీసి గాజు పలక మీద దొర్లిస్తే నిటారుగానే ఉంది. రాకర్ తాకే చోట, పుష్‌రాడ్ కొనల్లో అరుగుదల లేదు, రాకర్ స్టడ్ కదలలేదు. ఇన్ని సాక్ష్యాల తర్వాత మిగిలేవి టాపెట్, క్యామ్ మాత్రమే. అయితే క్యామ్ ఉబ్బు శిఖరం అరిగితే గ్యాప్ మారదు, వాల్వు తెరుచుకునే ఎత్తు తగ్గుతుంది. ఎందుకంటే గ్యాప్‌ను కొలిచేది ఉబ్బు లేని వైపు మీద. కాబట్టి గ్యాప్ ఒక్కటే చూసినవారికి శిఖరం అరిగిన క్యామ్ దొరకదు. రెండు వాల్వులూ ఎంత ఎత్తు దిగుతున్నాయో కొలిచి, ఆ మోడల్‌కు నిర్ణయించిన ఎత్తుతో పోల్చినప్పుడే అది బయటపడుతుంది. చేత్తో ఇంజిన్ తిప్పుతూ రెండు రాకర్ల కదలికను చూడటం ఇంత సులువైన పరీక్ష అయినా, అది చాలాచోట్ల చివరికి మిగిలిపోవడం బాధాకరం.

కంప్రెషన్ గేజ్ మీద రెండు వాదాలు

కార్ల మెకానిక్కులకు కంప్రెషన్ గేజ్ మొదటి పనిముట్టు. ప్లగ్ రంధ్రంలో బిగించి ఇంజిన్ తిప్పితే ఎంత ఒత్తిడి వస్తుందో అది చూపుతుంది. చిన్న ఇంజిన్లకు ఇది పనికిరాదని కొందరు గట్టిగా వాదిస్తారు. వారి మాటలో బలముంది. డీకంప్రెషన్ సవ్యంగా పనిచేస్తుంటే మంచి ఇంజిన్ కూడా తక్కువ ఒత్తిడి చూపుతుంది, డీకంప్రెషన్ చెడితే ఎక్కువ చూపుతుంది. అంటే అంకె పెరగడమే ఇక్కడ జబ్బు గుర్తు కావచ్చు. రెండో వర్గం వాదన వేరు. ఒత్తిడి దాదాపు సున్నా వస్తే వాల్వు మూసుకోవడం లేదనో, తెరుచుకోవడమే లేదనో తెలుస్తుంది, రెండు సిలిండర్ల ఇంజిన్‌లో ఒకదాన్ని మరొకదానితో పోల్చవచ్చు, అందువల్ల గేజ్‌ను పారేయనక్కరలేదు అని వారు అంటారు. నా అభిప్రాయంలో రెండో వాదం సబబే, అయితే ఒంటి సిలిండర్ విషయంలో ఆ గేజ్ చూపే మధ్యస్థపు అంకెల మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

లీక్‌డౌన్ పరీక్ష ఇంతకంటే స్పష్టంగా మాట్లాడుతుంది. ఇందులో కంప్రెషన్ చివర, రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో, ప్లగ్ రంధ్రం ద్వారా కంప్రెసర్ గాలిని పంపుతారు. ఎంత గాలి కారుతోందన్న దానికన్నా ఎక్కడి నుంచి కారుతోందన్నదే ముఖ్యం. సైలెన్సర్‌లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బొరేటర్‌లో వినిపిస్తే ఇన్లెట్ వాల్వు సరిగా కూర్చోవడం లేదు. ఆయిల్ పోసే గొట్టంలోంచి వస్తే రింగులు అరిగాయి, లేదా హెడ్ గాస్కెట్ పుష్‌రాడ్లు వెళ్లే గది వైపు పగిలింది. ఓహెచ్‌వీ ఒంటి సిలిండర్ ఇంజిన్‌లో సిలిండర్‌కూ ఆ గదికీ మధ్య గాస్కెట్ సన్నగా ఉంటుంది. అది పగిలితే క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి, క్రాంక్ కేసు గాలిని వదిలే బ్రీదర్ గొట్టం గుండా ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరి, ఇంజిన్ తెల్లటి పొగ కక్కుతుంది. చూసినవారు వాల్వు గైడ్లో రింగులో అరిగాయని పొరబడతారు, ఒక గాస్కెట్‌తో పోయేదానికి ఇంజిన్ మొత్తం మార్చమని సలహా ఇస్తారు.

లీక్‌డౌన్‌కూ పరిమితి ఉంది. మూసుకున్న వాల్వు గాలిని పట్టి ఉంచుతుందో లేదో అది చెబుతుంది గానీ, తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకుంటుందో లేదో చెప్పదు. పుష్‌రాడ్ ఊడి కింద పడిన సిలిండర్‌లో ఆ వాల్వు ఎప్పుడూ మూసుకునే ఉంటుంది, కనుక ఈ పరీక్షలో అది పూర్తి మార్కులతో గట్టెక్కుతుంది.

వాల్వు తెరుచుకోకపోతే కనిపించే గుర్తులు

ఇన్లెట్ వాల్వు తెరుచుకోకపోతే సిలిండర్‌లోకి మిశ్రమం రాదు, ప్లగ్ పొడిగా ఉంటుంది, దాంతో అందరూ కార్బొరేటర్‌ను విప్పుతారు. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోకపోతే మండిన వాయువుకు దారి లేక, తర్వాత ఇన్లెట్ తెరుచుకోగానే కార్బొరేటర్ గుండా ఫట్‌మని వెనక్కి తన్నుతుంది.

రెండు సిలిండర్ల ఇంజిన్‌లో ఇలాంటి లోపం మరింత మోసం చేస్తుంది. ఒక సిలిండర్ చచ్చినా రెండోది నడుస్తుంది కాబట్టి ట్రాక్టర్ కదులుతుంది, బ్లేడ్లు వేయగానే మూలుగుతుంది. రెండు ప్లగ్‌లకూ స్పార్క్ వస్తుంది, పెట్రోలు వస్తుంది. కవర్ తీస్తే ఒక పుష్‌రాడ్ వంగి పక్కకు పడి ఉంటుంది. ఇక్కడే రెండు రకాల మరమ్మతులు వేరవుతాయి. కొత్త పుష్‌రాడ్ వేసి గ్యాప్ సెట్ చేసి పంపడం ఒకటి. పుష్‌రాడ్ ఎందుకు వంగిందని అడగడం రెండోది. పుష్‌రాడ్ తనంతట తాను వంగదు, వాల్వు కదలడానికి నిరాకరించినప్పుడే వంగుతుంది.

ఆ నిరాకరణకు ముఖ్య కారణాలు రెండు. మొదటిది, చలికాలమంతా ట్యాంకులో నిలిచిన పెట్రోలు జిగురుగా మారి ఇన్లెట్ వాల్వు కాడకు పట్టడం. సీజను మొదటి రోజునే పుష్‌రాడ్ వంగితే ఇది బలమైన అనుమానం. రెండోది, గైడ్ స్థానం తప్పడం. ఫ్లైవీల్ కవర్ కింద ఎండు గడ్డి, ఎలుకల గూళ్లు చేరి సిలిండర్ రెక్కలకు గాలి అందకపోతే హెడ్ విపరీతంగా వేడెక్కుతుంది. అల్యూమినియం హెడ్ గైడ్ కన్నా ఎక్కువ సాగి, దాని మీద పట్టు సడలుతుంది. గైడ్ రాకర్ వైపు జరిగి స్ప్రింగు టోపీకి అడ్డుపడుతుంది, వాల్వు పూర్తిగా దిగలేక పుష్‌రాడ్ వంగుతుంది. రెండు సిలిండర్ల గైడ్ల ఎత్తును పోల్చి చూస్తే ఇది కంటికే కనబడుతుంది. గైడ్‌ను పట్టించుకోకుండా వేసిన కొత్త పుష్‌రాడ్‌కూ అదే గతి పడుతుంది. కొన్ని మోడళ్లలో ఇన్లెట్, ఎగ్జాస్ట్ పుష్‌రాడ్లు వేర్వేరు లోహాలతో చేసినవి కాబట్టి, విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోకపోవడం కూడా తర్వాతి గందరగోళానికి దారి తీస్తుంది.

సెట్ చేయడానికి వీల్లేని ఇంజిన్లు, క్యామ్ దాకా వెళ్లే మరమ్మతులు

కోహ్లర్ కమాండ్ శ్రేణి వంటి ఇంజిన్లలో మామూలు టాపెట్ల బదులు హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి. అవి ఆయిల్ ఒత్తిడితో గ్యాప్‌ను తామే పూడ్చుకుంటాయి. చాలాకాలం నిలిచాక స్టార్ట్ చేస్తే మొదట కాసేపు టకటకలాడి, ఆయిల్ నిండగానే సద్దుమణగడం వాటికి సహజం. చప్పుడు ఎంతకీ తగ్గకపోతే లిఫ్టర్ కంటే ముందు ఆయిల్ మట్టాన్ని, దాని చిక్కదనాన్ని చూడాలి.

అన్నీ సరిగా ఉండి, గ్యాప్ సరైన చోట సెట్ చేశాక కూడా కంప్రెషన్ దగ్గరే ఇంజిన్ ఆగుతుంటే, క్యామ్ మీది డీకంప్రెషన్ పిన్నో స్ప్రింగో విరిగిందనుకోవాలి. కొందరు గ్యాప్‌ను నిర్దేశించిన దానికన్నా బిగించి, అరిగిన పిన్నుకు మిగిలిన ఎత్తుతోనే నెట్టుకొస్తారు. పాత ట్రాక్టర్‌కు ఇంకో సీజను ఆయుష్షు వస్తే చాలు అనుకునేవారికి అది పని చేయవచ్చు, కానీ మొదట చెప్పుకున్నట్లు వాల్వు కాలే ప్రమాదాన్ని తెలిసి నెత్తికెత్తుకున్నట్లే. సరైన మరమ్మతు కొత్త క్యామ్. నిలువు షాఫ్ట్ ఇంజిన్‌లో ఆయిల్ సంపు అడుగున ఉంటుంది కాబట్టి, అందుకు ఇంజిన్‌ను ట్రాక్టర్ నుంచి దించి, కింది పుల్లీ, క్లచ్ ఊడదీసి, సంపు తెరవాలి. విరిగిన ముక్కలు ఆయిల్‌లో పడి ఉంటే వాటిని ఏరాలి. బిగించేటప్పుడు క్రాంక్ గేరు మీది గుర్తు, క్యామ్ గేరు మీది గుర్తు ఎదురెదురుగా రావాలి. ఒక్క పన్ను తప్పినా రెండు వాల్వుల సమయమూ కలిసి తప్పుతుంది. అప్పుడు టాపెట్ గ్యాప్ సరిగ్గా ఉంటుంది, పుష్‌రాడ్లు నిటారుగా ఉంటాయి, వాల్వులు పూర్తి ఎత్తు తెరుచుకుంటాయి, అయినా ఇంజిన్ సరిగా అందుకోదు.